మా వియ్యంకుడితో సైకిల్ మీద పాలమూరుకు

మొన్న పొద్దున మా బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, మా మామ పోయిండు" అన్నది. ఏడ్చుకుంటూనే జరిగింది చెప్పింది. లేచి, ఛాయ్ తాగి, కంది చేను దిక్కు ఒకసారి పోయి వస్తానని చెప్పి, చెప్పులు వేసుకోవడానికి అరుగు మీద కూర్చున్నవాడు అట్లాగే గోడకు ఒరిగిపోయాడట. దవాఖానకు తీసుకుపోయే పని కూడా పెట్టలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు, పుణ్యాత్ముడు అని చూడవచ్చినవాళ్లంతా అంటున్నారట. నాకు ఆ మాట నచ్చలేదు. బతికినన్నాళ్లూ ఆయన అందరినీ, ముఖ్యంగా నన్ను, కావాలనే ఇబ్బంది పెట్టాడు. ఆ ఇబ్బంది వల్లనే నా బిడ్డ కాపురం నిలిచింది, కొలువూ నిలిచింది. ఆ సంగతి నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆయన నాకు వియ్యంకుడు. మన దగ్గర వియ్యంకుడి గురించి ఎవరూ నాలుగు మంచి మాటలు రాయరు. వియ్యంకుడంటే పెండ్లిలో అలిగేవాడు, పప్పులో ఉప్పు తక్కువైందని విస్తరి ముందు నుంచి లేచేవాడు. అలగని వియ్యంకులు ఉంటే వాళ్ల కథ ఇంకో తీరు: మర్యాద ముదిరి ముదిరి, ఒకరితో ఒకరు ఒక్క నిజం మాట కూడా మాట్లాడుకోలేరు. మేము ఈ రెండో జాతి. ఆయన వస్తే నేను కుర్చీ తుడిచేవాణ్ని. నేను పోతే ఆయన కొత్త తువ్వాల తెచ్చి చేతికిచ్చేవాడు. "బాగున్నరా బావా" అంటే "అంత మీ దయ" అనుకునేవాళ్లం. అంతటితో ముచ్చట అయిపోయేది.

నేను రామన్నపేటలో సోషల్ పంతులుగా చేసేవాణ్ని. ఆయనది డిండి అవతల, పాలమూరు జిల్లాలో ఒక పల్లె. కాగితాల మీద మహబూబ్‌నగర్ అని రాసినా మాకెప్పుడూ అది పాలమూరే. ఆముదం, జొన్న, కంది పండించేవాడు. కొడుకుకు, అంటే మా అల్లుడికి, దగ్గరి టౌనులో ఎరువుల దుకాణం పెట్టించాడు. ఆయనకు ఒక పిచ్చి ఉందని సంబంధం మాట్లాడేటప్పుడే విన్నాం. ఏటా కలుపులు అయిపోయి, ఆముదం కోతకు ఇంకా రాకముందు, కొన్ని దినాలు సైకిల్ వేసుకుని ఒక్కడే ఊర్లు చూడను పోతాడట. పాత గుళ్లు, కోటలు, బురుజులున్న ఊర్లు ఎక్కడుంటే అక్కడికి. పనీ పాటా లేదా అని ఎవరైనా అంటే, "ఎడ్లకు సుత ఏరువాక పండుగ ఉన్నది. మనిషికి ఒక్క పండుగ ఉండొద్దా?" అనేవాడట. పిల్లగాడు మంచివాడైతే చాలు, తండ్రి సైకిల్ మీద తిరిగితే మనకేం అనుకున్నాం.

ఇది తొంభైల మొదట్లో సంగతి. పెండ్లయిన ఏడాదికి మా బిడ్డకు పంతులమ్మ నౌకరి వచ్చింది. తను చదివింది నల్లగొండ జిల్లాలో కాబట్టి పోస్టు కూడా ఆ జిల్లాలోనే, రామన్నపేటకు దగ్గరి పల్లెలో. ఒక జిల్లా పంతుళ్లను ఇంకో జిల్లాకు మార్చడం అప్పట్లో అయ్యే పని కాదు. బడులు తెరిచే నాటికి బిడ్డ మా ఇంటికి వచ్చి కొలువులో చేరింది. అల్లుడు ఒకసారి వచ్చి, సరిగ్గా అన్నం తినకుండా పోయాడు. మా వియ్యపురాలు మనిషితో కబురు పెట్టింది: "నౌకరి కావాల్నో సంసారం కావాల్నో తేల్చుకోమనుండ్రి." వానాకాలం సగం గడిచింది. బతుకమ్మ వచ్చేసరికి, ఇరుగుపొరుగు అడిగితే పండుగకు వచ్చిందని చెప్పుకునే వీలు దొరికి మా ఇంటామె కాస్త ఊపిరి పీల్చుకుంది.

మా బిడ్డ మాత్రం ఎవరికీ ఏ సాకూ చెప్పలేదు. "బాపూ, నేను రెండూ ఇడువ. గీ మాట వాళ్లకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అని నిలదీసింది. "నేనే చెప్త తియ్యి" అన్నాను. అన్నాను గానీ ఎట్లా చెప్పాలి? ఆడపిల్ల తండ్రి పోయి, మా పిల్ల మీరనుకున్నట్టు నడుచుకోదు అని పిల్లగాని తల్లిదండ్రుల ముఖం మీద అనడం మా ఇండ్లలో అంతకుముందు ఎవరూ చేసిన పని కాదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూనే ఉన్నాను.

దసరా సెలవులు ఇచ్చిన మరునాడు, మోకాళ్ల దాకా దుమ్ముతో, మా వియ్యంకుడు సైకిల్ మీద దిగాడు. పాలమూరు నుంచి సైకిల్ మీదనే! తాడో పేడో తేల్చడానికే వచ్చాడని మా ఇంటామె వంటింట్లోకి తప్పుకుంది. ఆయన మాత్రం నీళ్లు తాగి, "మీ ఊరి నీళ్లు జర చప్పగున్నయి" అన్నాడు. అన్నం వడ్డిస్తున్న కోడలిని ఆమె బడిలో పిల్లలు ఎందరు, ఎవరు బాగా చదువుతారు, ఎవరు అల్లరి అని అడిగి తెలుసుకున్నాడు. చేయి కడుక్కున్నాక నాతో అన్నాడు.

"బావా, బడి బందే గద. నాతోని రాండ్రి. ఊర్లు చూసుకుంట, గుళ్లు చూసుకుంట మా ఇంటికి పోదాం. మీరెప్పుడు వచ్చినా హైదరాబాద్ మీదికెళ్లి బస్సులనే వచ్చిండ్రు. తొవ్వల ఏమున్నదో మీరు చూడనే లేదు."

నేను నసుగుతుంటే మా ఇంటామె వంటింటి తలుపు దగ్గరికి నన్ను పిలిచి మెల్లగా చెప్పింది. "పోండ్రి. మాట్లాడి రాండ్రి. మాట్లాడకుంట మాత్రం ఇంటికి రాకుండ్రి."

తెల్లవారి బయలుదేరాం. ఆయన హ్యాండిలుకు జొన్నరొట్టెల మూట, నా హ్యాండిలుకు ఉల్లిగడ్డలు, కారం పొడి. ఆయన ముందు, నేను వెనక. పిల్లగాని తండ్రి ముందు పోవాలి, ఆడపిల్ల తండ్రి వెనక రావాలి. అట్లా అని ఎవరూ చెప్పలేదు, కానీ రామన్నపేట పొలిమేర దాటకముందే ఆ వరస కుదిరిపోయింది.

ఆయనతో సైకిల్ మీద పోవడమంటే పోవడం తక్కువ, ఆగడం ఎక్కువ. "బస్సుల పోయెటోనికి ఊరు ఎనక్కి పోతది బావా. సైకిల్ మీద పోయెటోనికి ఊరు ఎదురొస్తది" అనేవాడు. ఎదురొచ్చిన ప్రతి ఊరి మొదట్లో దిగి, మొదట కనిపించిన మనిషిని "మీ ఊర్ల తాగే నీళ్లు ఏ బాయివి?" అని అడిగేవాడు. ఫ్లోరైడ్ నీళ్ల మా జిల్లాలో అది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. ఒక బావి నీళ్లు తాగితే పండ్లు పచ్చబడి కాళ్లు వంగిపోతాయి, నాలుగు అడుగుల అవతల ఇంకో బావి నీళ్లు ఏ దోషమూ లేకుండా ఉంటాయి. ఆ బావి దగ్గరికి పోయి, దోసిలితో తాగి, కాసేపు ఆలోచించి, "మంచి ఊరు" అనో "పాపం" అనో అనేవాడు. గుడి, బురుజు చూడడం ఆ తర్వాతి సంగతి.

ఎత్తు వస్తే దిగిపోయి, ఎద్దును అదిలించినట్టు "దా, దా" అనుకుంటూ సైకిల్‌ను నడిపించేవాడు. "ఎత్తుల దిగి నడిస్తే ఇజ్జత్ ఏం పోదు బావా. బండికి గింత దమ్ము తీసుకోనియ్యాలె" అనేవాడు. నాకు అప్పటికి తొక్కే శక్తి బాగానే ఉంది. అయినా నేనూ దిగి నడిచేవాణ్ని. పిల్లగాని తండ్రి నడుస్తుంటే పక్క నుంచి తొక్కుకుంటూ దాటిపోతే ఏం బాగుంటుంది?

నల్లగొండ దాటగానే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశాం. గర్భగుడిలో లింగం మీద పొద్దంతా ఒక నీడ నిలిచే ఉంటుంది. సూర్యుడు ఎటు తిరిగినా ఆ నీడ జరగదు. మా వియ్యంకుడు చేతులు జోడించి, ఆ నీడను కాసేపు చూసి, నాకు చెప్పాడు.

"గీ నీడ ఎవలిదో ఎరుకేనా బావా? గుడి కట్టిచ్చిన రాజు ఇయ్యంకునిది. పూజ నాడు తనకు పీట ముందు ఎయ్యలేదని అలిగి లోపల నిలవడ్డడు. ఎంత మంది బతిమిలాడినా బయటికి రాలే. మనిషి పోయినా నీడ గట్లనే ఉన్నది."

వెలుగు ఎక్కడెక్కడి నుంచి వచ్చి స్తంభాల నడుమ ఎట్లా పడుతుందో నేను ఏటా పిల్లలను తీసుకొచ్చి చూపిస్తాను. "అట్లనా బావా" అన్నాను.

అక్కడి నుంచి దేవరకొండ పోవాలి. ఒక చోట రోడ్డు రెండుగా చీలుతుంది. కుడి చేతిది దేవరకొండ రోడ్డు, ఎడమది సాగర్ దిక్కు పోతుంది. ఆయన నిమ్మళంగా ఎడమకు తిప్పాడు. నా నోట్లోకి మాట వచ్చి ఆగిపోయింది. పిల్లగాని తండ్రిని పట్టుకుని తొవ్వ తప్పినవని ఎట్లా అంటాం? అటు దిక్కు చుట్టాలెవరైనా ఉన్నారేమో, పలకరించి పోదామనుకున్నాడేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన ఏమనుకున్నాడో తర్వాత తెలిసింది. మా ఇంటికి వచ్చేటప్పుడు ఆయన వేరే అడ్డతొవ్వన వచ్చాడట. ఇది బావ సొంత జిల్లా, తప్పైతే చెప్పకుండా ఉంటాడా, వెనక నుంచి చప్పుడు లేదంటే తొవ్వ సరిగ్గానే ఉంది అనుకున్నాడట. ఇట్లా ఒకరి మర్యాదను ఒకరం నమ్ముకుని మిగిలిన పొద్దంతా తొక్కాం. మొహమాటానికి పోతే ఏమైందో చెప్పే సామెత మీకు తెలిసే ఉంటుంది. దాని రెండో సగం నేనిక్కడ రాయను.

పొద్దు వాలేవేళకు, నాలుగు రోడ్లు కలిసే చోట తాటికమ్మల పందిరి కింద ఒక ఛాయ్ హోటల్ కనిపించింది. దాన్ని నడిపే ముసలమ్మను అందరూ ఖాలా, అంటే చిన్నమ్మా, అని పిలుస్తున్నారు. మా ముందు రెండు ఛాయ్‌లు పెట్టింది. ఆయన తాగనిది నేనెట్లా తాగను? నేను తాగాలని ఆయన చూస్తున్నాడు. "తాగుండ్రి బావా." "ముందు మీరు కానియ్యుండ్రి బావా."

ఖాలా కాసేపు చూసింది. "ఏందయ్యా మీది? ఛాయ్ సల్లారిపోతాంది. ఇయ్యపోళ్లా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాడు ఆయన.

"అనుకున్న. గిట్ల ఎదురెదురు కూసొని ఎవ్వలూ తాగకపోతే ఇయ్యపోళ్లే అయితరు. ఎటు పోతున్నరు?"

"దేవరకొండకు."

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది. "దేవరకొండ గీ దిక్కు లేదు నాయినా. మీ ఈపు ఎనక ఉన్నది."

ఆయన నా దిక్కు తిరిగాడు. "మీకు తెల్వదా బావా?"

"తెలుసు."

"తెలిస్తే మరి చెప్పరాదా?"

"మీరు ముందు పోతుంటిరి గద. నేనెట్ల చెప్త?"

"మీరు చెప్తలేరు గదా అని నేను పోతున్న!"

హోటల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఖాలా మాత్రం నవ్వు ఆపి, "మరి మీ పిల్లలు సుత గిట్లనే ఉన్నరా? ఒకలు చెప్పక, ఒకలు అడగక?" అన్నది. ఏదో మాటకు మాటగా అన్నదే. ఆమెకు మా ఇంటి సంగతి ఏం తెలుసు? అయినా ఇద్దరం తల వంచుకుని చల్లారిన ఛాయ్ ఒక్కసారే తాగేశాం. ఆమె తన ఇంటి వరండాలో మాకు జాగా ఇచ్చింది. తెల్లవారి బండ్ల బాట ఒకటి చూపించి, గుట్ట పక్క నుంచి పోతే దేవరకొండ రోడ్డు తగులుతుందని చెప్పింది.

తొవ్వ తప్పడం వల్లనే ఆ బాట చూశాం. అంత అందమైన బాట మళ్లీ ఎన్నడూ తొక్కలేదు. అటు ఇటు ఆముదం చేన్లు, గుండ్ల నడుమ సీతాఫలం చెట్లు, గట్ల పొడుగునా తంగేడు విరగబూసి ఉంది. బతుకమ్మకు పూలు కోసే ఆడపిల్లలు గునుగు మోపులు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చారు. "సైకిల్ తాతలూ, ఎటు?" అని ఆటపట్టించారు. మాకు అప్పటికి యాభై కూడా సరిగ్గా దాటలేదు. ఆయన సైకిల్ దిగి, వాళ్ల దగ్గర ఒక తంగేడు కొమ్మ అడుక్కుని, హ్యాండిలుకు కట్టుకున్నాడు. నేను కూడా ఒకటి కట్టుకున్నాను. మనసు తేలికైంది. ఇప్పుడు అడుగుతా, ఈ చెట్టు దాటినంక అడుగుతా అనుకుంటూ దేవరకొండ దాకా వచ్చాను. అడగలేదు.

దేవరకొండ ఖిల్లా ఏడు గుట్టల నడుమ ఉంటుంది. సైకిళ్లు కింద ఒక ఇంట్లో పెట్టి ఎక్కాం. ఒక్కొక్క దర్వాజా దాటుతూ, గోడలను చేత్తో తడుముతూ, పైకి వచ్చేసరికి నాకు ఎగపోస్తోంది. ఆయన తువ్వాలతో విసురుకుంటూ చుట్టూ చూసి మొదలుపెట్టాడు.

"గీ ఖిల్లా కట్టిచ్చింది నిజాం నవాబు బావా. వాళ్ల బేగం సాబుకు ఎండ తగలొద్దని ఎండాకాలమంత గీ గుట్ట మీదనే ఉంచుతుండె."

ఎండాకాలం ఆ బండల మీద రొట్టె పరిస్తే కాలుతుంది. పైగా ఆ కోట పాఠం నేను ఎన్నేండ్లుగా చెబుతున్నానో. ఎక్కిన ఆయాసమో, రాత్రి దోమలో, పానగల్లు నుంచి మింగుతూ వచ్చిన మాటలో, ఏదో నా నోరు తెరిపించింది.

"కాదు బావా!" అన్నాను.

గట్టిగానే అన్నాను. గుట్టల్లో మారుమోగింది. ఆగలేకపోయాను. "నిజాం కాదు. గిది పద్మనాయక రాజులది. నిజాములు ఈ దేశానికి రాకముందు నుంచి ఉన్నది. ఎండాకాలం గీడ ఏ బేగం ఉంటది? పానగల్లుల నీడ సుత ఇయ్యంకునిది కాదు. అది స్తంభాల నడుమ వెలుతురు పడే తీరు."

ఆయన గోడ మీద కూలబడి, కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "వచ్చిందా! కాదనే మాట వచ్చిందా! రామన్నపేట నుంచి చూస్తున్న, ఎప్పుడొస్తదా అని. అబద్ధాలు చెప్పంగ చెప్పంగ నాకే సిగ్గయితాంది." నిజంగా తెలిసే అట్లా చెప్పుకుంటూ వచ్చాడో, పట్టుబడ్డాక పరువు కోసం అన్నాడో నాకు ఈ రోజుకూ తెలియదు. అందులో సగం నమ్ముతాను.

తర్వాత నవ్వు తుడుచుకుని అన్నాడు. "ఇంకేం కాదో గది సుత చెప్పుండ్రి. గుట్ట మీదున్నం. ఇనెటోళ్లు లేరు."

అప్పుడు చెప్పాను. "నా బిడ్డ నౌకరి ఇడువదు బావా. కష్టపడి చదివి తెచ్చుకున్నది. మీ ఇల్లు సుత ఇడువదు. మీ ఇంట్లనే ఉండాలని దానికి ఉన్నది. రెండింట్ల ఒకటే ఏరుకోమనుడు న్యాయం కాదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. తువ్వాల తలకు చుట్టుకున్నాడు. "ఎండెక్కుతాంది. దిగుదాం పాండ్రి" అన్నాడు.

ఆ తర్వాత పొద్దంతా ఒక్క మాట లేదు. ఏ ఊరి మొదట్లోనూ దిగలేదు, ఏ బావి నీళ్లూ అడగలేదు. వెనక తొక్కుతున్న నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనిపించలేదు. నా నోరు పడిపోను, పచ్చని సంసారంలో నిప్పులు పోసుకున్నానా అనుకున్నాను. బిడ్డ ముఖం కండ్ల ముందు ఆడింది. ఇంటికి పోయి దానికి ఏం చెప్పాలి? తిరిగిపోదామంటే తొవ్వ సగానికి పైగా అయిపోయింది. ఒకసారి ఎత్తు వచ్చింది. ఆయన దిగకుండానే తొక్కాడు. నేనూ తొక్కాను.

డిండి ఊరు దాటి, ఎర్రమట్టి బాట పట్టి, పొద్దు గూట్లో పడేలోగా ఒక చిన్న పల్లెకు చేరాం. ఊరి కొసకు, ఎత్తు మీద, రెండు గదుల బడి. దాని కింద ఒక వాగు. సెలవులు కాబట్టి తలుపులకు తాళాలున్నాయి. ఆయన అక్కడ సైకిల్ దిగాడు. బడి ముందరి బోరింగు కొట్టి, దోసిలితో తాగాడు. నాకు కూడా కొట్టాడు.

"తియ్యగున్నయా?"

"తియ్యగున్నయి."

"బావా, గిది ఏ జిల్లా?"

"నల్లగొండనే. మా జిల్లాకు గిదే కొస."

"వాగు అవతల?"

"పాలమూరు."

"గా మిట్ట మీద పెంకుటిల్లు అగుపడ్తాందా? పెండ్లికి వచ్చినప్పుడు మీరు దాంట్లనే బువ్వ తిన్నరు."

నేను నోరు తెరుచుకుని చూశాను. నాకు తెలిసి వాళ్లిల్లంటే తెల్లవారి బస్సెక్కి హైదరాబాద్ పోవాలి, అక్కడ బస్సు మారి, మళ్లీ ఇంకోటి మారి, దీపాలు పెట్టే వేళకు చేరాలి. మా జిల్లాకు, ఆ ఇంటికి నడుమ అంత దూరం ఉందని ఇంటిల్లిపాదీ నమ్ముకుని కూర్చున్నాం. ఇక్కడ చూస్తే నడుమ ఒక్క వాగు. నేను సోషల్ పంతులును. నల్లగొండ జిల్లా పటం ఏటా పిల్లలతో గీయించేవాణ్ని. ఆ పటం గీత అవతల ఎవరి ఇల్లుందో ఎన్నడూ ఆలోచించలేదు.

"గీ బడి పంతులుది మీ దిక్కే బావా, చిట్యాల పక్కన" అన్నాడు ఆయన. "ఎవలన్న మార్చుకుంటరా అని తిరుగుతాండు. నేను గీడ నీళ్లు తాగ వచ్చినప్పుడల్ల నాతోనే మొత్తుకుంటడు. జిల్లా మారకుంట జాగా మార్చుకోవచ్చు గదా మీ పంతుళ్లల్ల?"

"మార్చుకోవచ్చు" అన్నాను. "తెలిసీ ముందే ఎందుకు చెప్పలే బావా?"

"నేను చెప్తే ఏమైతది? ముసలోడు కోడల్ని ఎనకేసుకొచ్చిండని మా ఆమె అలుగుతది. కొడుకు మొఖం మాడ్చుకుంటడు. ఆడపిల్ల తండ్రి వచ్చి అడగాలె, ఇంటోళ్లు కూసొని ఒప్పుకోవాలె. గట్లయితే అందరి ఇజ్జత్ నిలుస్తది. అడగందే అమ్మన్న పెట్టదంటరు. మీరేమో అడుగుతలేరు. వానలు పడ్డప్పటి సంది చూస్తున్న."

"గుట్ట మీద అడిగితి గద. అప్పుడన్న ఒక మాట అనొద్దా? నా పానం పోయింది."

"గుట్ట మీద ఏమన్నా గాలికి పోతది. గీడికి తెచ్చి చూపియ్యాలె అనుకున్న. జర ఫికర్ పడితే పడ్డరు తియ్యుండ్రి."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఆయన వాగు దిక్కు తిరిగి, నేను ముఖం కడుక్కునేదాకా ఆగాడు.

వాగు దాటి వాళ్లింటికి పోయేసరికి మా వియ్యపురాలు అరుగు మీద కూర్చుని బతుకమ్మకు గునుగు పూలు కట్టలు కడుతోంది. మమ్మల్ని చూసి లేచి, చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను అందుకోలేదు.

"నీళ్లు తర్వాత తాగుత చెల్లె. ముందు ఒక మాట అడగాలె" అన్నాను. బిడ్డ నౌకరి, వాగు అవతలి బడి, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే వీలు, అన్నీ నిలబడే చెప్పాను. అల్లుడు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మా వియ్యంకుడు ఏమీ తెలియనట్టు, అంతా అప్పుడే వింటున్నట్టు తల ఊపుతున్నాడు.

ఆమె చేతిలోని చెంబు అరుగు మీద పెట్టింది. వాచిన నా కాళ్ల దిక్కు చూసింది. "రామన్నపేట నుంచి సైకిల్ మీదనే వచ్చిండ్రా అన్నా?"

"నడుమ సాగర్ తొవ్వ సుత చూసొచ్చినం" అన్నాడు మా వియ్యంకుడు.

"మీరు ఆగుండ్రి" అని మొగుణ్ని కసిరి, నా దిక్కు తిరిగింది. "గింత దూరం తొక్కుకుంట వచ్చి అడిగిన మనిషిని గడపల నిలవెట్టి కాదంటే మాకు మంచిగుంటదా? కానీ ఒక్క మాట. పొద్దుగాల వంట నాతోని చేసి పోవాలె. దీపం పెట్టే యాల్లకు ఇంట్ల ఉండాలె."

ఆ షరతుల సంగతి తర్వాత అత్తా కోడళ్లే చూసుకున్నారు. ఎవరు నెగ్గారో నేను అడగలేదు. అల్లుడు నేల చూపులు చూస్తూ, "సద్దుల బతుకమ్మ ఎల్లుండే గద. నేను పొద్దున బస్సుకే పోయి తోలుకొస్త" అన్నాడు. అప్పుడు తాగాను నీళ్లు.

కొలువు మార్పిడి కాగితాలు తిరిగి తిరిగి ఎట్లాగో అయ్యాయి. మేము మాత్రం ఆ తర్వాత ఏ దసరాకూ ఇంట్లో లేము. పిల్లలమర్రి చూశాం. ఆలేరులో ఒక రాత్రి ఆగి కొలనుపాక పోయాం. మేళ్లచెరువు పోయినప్పుడు అక్కడి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము తల మీద పడి, "ఇద్దరం ఒక్కపారే ముసలోళ్లమైనం పో" అని నవ్వాడు. ఆయన ప్రతి గుడికీ కొత్త కథ కట్టేవాడు, నేను ప్రతి కథనూ కాదనేవాణ్ని. రోడ్డు చీలిన చోటల్లా కొట్లాడుకునేవాళ్లం. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది, కుర్చీ తుడవడం పోయింది. మోకాళ్లు మొరాయించాక సైకిళ్లు మూలకు పడ్డాయి గానీ, ఫోన్‌లో కొట్లాట ఆగలేదు. ఇప్పుడు ఎవరితో కాదనాలో తెలియడం లేదు.

మా బిడ్డ ఇంకా పంతులమ్మే. రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ చుట్టుపక్కల ఊర్లలో సగం మంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. మొన్న పాడె మోసినవాళ్లలో కూడా వాళ్లున్నారు. నేనూ పోయి, కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాను.

ఆయనను తలుచుకుంటే నాకు ఒక వానాకాలపు పొద్దున గుర్తొస్తుంది. బిడ్డ ఆ బడికి మారిన తర్వాత వచ్చిన మొదటి వానలు. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. వాగు మోకాలి లోతు పారుతోంది. బిడ్డ ఒడ్డున సైకిల్ పట్టుకుని, ఇంటికి తిరిగిపోదామా అన్నట్టు చూస్తోంది. ఆయన పంచె ఎగగట్టి, ఆ సైకిల్‌ను భుజానికెత్తుకుని నీళ్లలోకి దిగాడు. ఆమె చెప్పులు ఒక చేత, సద్దిగిన్నె ఒక చేత పట్టుకుని ఆయన పక్కన నడిచింది. అవతలి ఒడ్డున సైకిల్ దించి, తలకు చుట్టిన తువ్వాల తీసి సీటు తుడిచాడు. "పో బిడ్డా, పిల్లలు చూస్తుంటరు" అన్నాడు. ఆమె ఎక్కి తొక్కింది. తడిసిన చక్రాలు ఆరిన బాట మీద ఒక నల్లని గీత గీసుకుంటూ బడి దిక్కు పోయాయి. ఎండ పొడిచింది. ఆ గీత ఈ కొస నుంచి ఆరుకుంటూ పోయింది. అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆయన అక్కడే, నీళ్లు కారుతున్న పంచెతో, నిలబడి చూశాడు.